మా అయ్య కోసం వేయించిన బొమ్మ: సముద్రం మీంచి కనిపించే మా ఊరు

శ్రీకాకుళంలో ఒక డ్రాయింగ్ మాస్టారి చేత మా ఊరి బొమ్మ వేయించాను. 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు కాన్వాసు, యాక్రిలిక్ రంగులు. బొమ్మకి 18,000 రూపాయలు, ఫ్రేముకి 2,200. ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, ఇంత డబ్బు పెట్టాలా, మంచి ఫోటో తీసి పెద్దది చేయించుకుంటే సరిపోదా అని. సొంత ఊరినో, పడగొట్టేయబోతున్న ఇంటినో బొమ్మ గీయించుకోవాలని మనసులో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మాస్టారు తన పేరు రాయొద్దన్నారు. స్కూలు ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి నాలుగైదు బొమ్మలకి మించి ఒప్పుకోరట. ఏడు రోడ్ల కూడలికి నడిచే దూరంలోనే ఇల్లు. మేడ మీద గది, అందులోనే పని.

మాది కళింగపట్నం పక్కన చిన్న మత్స్యకార పల్లె. తిత్లీ తుఫాను వచ్చిన 2018 దాకా మా అయ్య వేటకి వెళ్ళాడు. ఆ తర్వాత మోకాళ్ళు సహకరించలేదు. అమ్మ పోయాక విజయనగరం తీసుకొచ్చేశాను, నేనిక్కడ టీచర్ని. మా ఫ్లాటు రెండో అంతస్తులో. కిటికీ తీస్తే పక్కింటివాళ్ళ వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. అయ్యకి ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. లేవగానే బాల్కనీలోకి వెళ్ళి గాలి ఎటునుంచి వస్తోందో చూస్తాడు. చూసి ఎవరికి చెప్పాలి? నాకు చెప్తాడు. నేను టిఫిన్ బాక్సులు కడుతూ ఊఁ కొడతాను. హాల్లో ఆయన కుర్చీకి ఎదురుగా గోడ మీద సముద్రం ఉంటే బాగుంటుందని అప్పుడే అనిపించింది.

ముందు ఆన్‌లైన్‌లో ఒక సైటులో తెప్పించాను. పేరు అనవసరం. ‘ఫిషింగ్ విలేజ్’ అని వెతికితే వచ్చిన వాటిలో బాగున్నది, 1,899 రూపాయలు. గొట్టంలో చుట్టి పంపారు. మడతలు పోవడానికే వారం పట్టింది. నారింజ రంగు ఆకాశం, నీళ్ళ మీద ఒరిగిన కొబ్బరి చెట్లు, రెండు కొసలూ పైకి లేచిన పొడవాటి పడవలు. అయ్య దగ్గరికి వెళ్ళి చూశాడు. “ఏటే తల్లీ, ఇది ఏ ఊరు సముద్రం?” అన్నాడు. మరేమీ అనలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే కుర్చీ బాల్కనీ వైపు తిరిగి ఉంది. సైటు వాళ్ళని అడిగితే, మీరు చెప్పిన సైజుకి ప్రింటు చేశాం కాబట్టి వాపసు లేదన్నారు. అది ఇప్పుడు మంచం కింద ఉంది.

మాస్టారి సంగతి మా స్కూల్లో పనిచేసే టీచరు చెప్పింది. వాళ్ళ తాతగారి పెంకుటింటిని గీయించుకున్నారట. జనవరి చివర్లో ఒక ఆదివారం ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ పట్టుకుని వెళ్ళాను. ఆయన ఫోటోలు చూడనేలేదు. ఈ బొమ్మని రోజూ చూసేది ఎవరమ్మా అని అడిగారు. మా అయ్య అన్నాను. అయితే వచ్చే ఆదివారం పెద్దాయన్ని తీసుకురండి, ధర తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. ఆ రోజు అడ్వాన్సు కూడా తీసుకోలేదు.

ఆ రెండో ఆదివారం జరిగిన మాటలే ఈ బొమ్మకి మూలం. మాస్టారు తన పాత స్కెచ్చు పుస్తకాలు తీసి అయ్య ముందు పెట్టారు. భావనపాడు, బారువ, కళింగపట్నం, విజయనగరం జిల్లా చింతపల్లి, అన్నీ ఆయన కూర్చుని గీసినవే. ఇసుక మీద బోట్లు, వాటి వెనక నీళ్ళు, పైన మబ్బులు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయ్య ఒక్కో కాగితం నెమ్మదిగా తిప్పాడు. అంతా అయ్యాక, “బాగున్నాయి బాబూ. గానీ ఇది గట్టు మీద కూకున్నోలికి కనపడీ సముద్రం. నానెప్పుడు కూకున్నాను గట్టు మీద? నాకు ఊరు కావాల,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు, మాస్టారికి అర్థమైంది. మీరు తిరిగొచ్చేటప్పుడు నీళ్ళ మీంచి ఊరు ఎలా కనిపిస్తుందో అదేనా పెద్దాయనా అని అడిగారు. అయ్య తలూపి చెప్పడం మొదలుపెట్టాడు. నడి సముద్రంలో ఉన్నప్పుడు ముందు ఏది కనిపిస్తుంది, దగ్గరికి వచ్చే కొద్దీ దాని పక్కన ఏది లేస్తుంది, లైట్ హౌసుకి ఏ తాడిచెట్టు వరసలోకి వస్తే మన పల్లెకి ఎదురుగా ఉన్నట్టు, ఏ సరుగుడు తోట ఎడమ చేతికి పోతే వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి కొట్టుకుపోయినట్టు. ఆ ఆనవాళ్ళన్నీ ఆయన వేళ్ళ మీద చెప్తుంటే మాస్టారు పెన్సిలు పట్టుకుని రాసుకుంటూ కూర్చున్నారు. నలభై ఏళ్ళు నేను ఆయన కూతుర్ని. మా ఊరికి సముద్రం వైపు నుంచి ఒక ముఖం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మాలో ఆడవాళ్ళం ఒడ్డునే కదా ఉంటాం. బోటు వచ్చేదాకా ఎదురుచూడ్డం, వేలంపాట, తట్టలు, కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఎండబెట్టడం. మేము చూసేది ఎప్పుడూ సముద్రం వైపే.

అయితే నేను బోటెక్కాలి అన్నారు మాస్టారు. ఈ మాట కోసమే నేను ఈ రివ్యూ రాస్తున్నానేమో. ఫోటో పంపండి, గీసేస్తాను అనేవాళ్ళు చాలామంది దొరుకుతారు. యాభై దాటిన మనిషి, ఈత రాని మనిషి, ఒక ముసలాయన అడిగాడని సముద్రంలోకి వెళ్తానన్నాడు.

ఫిబ్రవరిలో వెళ్ళారు. ఆ నెలల్లో మా వైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పాతిక ముప్పై కిలోమీటర్లు, తెల్లారకముందే బండి మీద వచ్చేశారు. మా చిన్నాన్నకి ఫైబర్ బోటు ఉంది, ఇంజను బోటు. మా దగ్గర బోట్లు కట్టుకోవడానికి జెట్టీ లేదు. బ్రిటిష్ కాలంలో ఓడలు ఆగిన పాత రేవే, ఓడలు దూరంగా లంగరేసుకుంటే పడవల్లో సరుకు ఒడ్డుకి చేర్చేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. ఇప్పుడు బోటు ఏదైనా పదిమంది పట్టి ఇసుక మీదకి లాగాల్సిందే, మళ్ళీ పదిమంది పట్టి తొయ్యాల్సిందే. కెరటాలు దాటేదాకా మాస్టారు బోటు అంచు వదల్లేదట. దాటాక రెండుసార్లు వాంతి చేసుకున్నారట. ఆ తర్వాత పుస్తకం తీశారు. బోటు ఊగుతుంటే గీత నిలవదు కాబట్టి ఒక్కోటి రెండు మూడు నిమిషాల్లో గీసి, రంగులు వెయ్యకుండా పక్కన రంగు పేర్లు మాత్రం రాసుకున్నారు. అలా ముప్పై పైనే గీశారు. నేను చూశాను ఆ కాగితాలు. ఉప్పు నీళ్ళు పడి కొన్ని చోట్ల పెన్సిలు చెదిరిపోయింది.

అయ్య బోటు ఎక్కలేదు. ఎక్కలేడు. ఇసుక మీద కుర్చీ వేసి కూర్చోబెడితే వాళ్ళు తిరిగొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు. గట్టు మీద కూర్చుని బోటు కోసం ఎదురుచూడ్డం ఆయనకి అదే మొదటిసారి.

తిరిగొచ్చాక మాస్టారు ఒక సంగతి చెప్పారు, నాకు భలే నచ్చింది. మనది తూర్పు తీరం కదా. పొద్దున పూట ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, కాబట్టి బోట్లూ మనుషులూ నల్లగా నీడల్లా కనిపిస్తారు. అదే వేళకి సముద్రంలోంచి ఊరి వైపు చూస్తే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ఎండంతా ఊరి మీద పడుతుంది. ప్రతి గోడా, ప్రతి చీరా, ఆరేసిన వలలూ, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. “మీ నాన్నగారు జీవితమంతా రోజూ పొద్దున్నే మీ ఊరిని ఆ వెలుగులోనే చూశారమ్మా. ఇన్నేళ్ళూ నేను గీసిన బొమ్మల్లో ఆ వెలుగు లేదు,” అన్నారు.

ఇక గదిలో పని. అక్కడికి మేం మూడుసార్లు వెళ్ళాం. ఆయన పిలిచే చూపించారు, మార్పులు చెప్తే విసుక్కోలేదు. ఇలాంటి పని చేయించుకునేవాళ్ళకి ఇది ముఖ్యం.

మొదటిసారి వెళ్ళేసరికి కాన్వాసంతా పల్చగా ఇటుక రంగు పూసి ఉంది. కంగారు పడ్డాను. అది అడుగు పూత అట. పైన నీలం వేసినా, ఆకుపచ్చ వేసినా అడుగునుంచి కాస్త వేడి కనిపిస్తుందని, లేకపోతే నీళ్ళు ప్లాస్టిక్కులా ఉంటాయని చెప్పారు. యాక్రిలిక్‌లో ఇంకో చిక్కు ఉందట. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఆరాక కొంచెం ముదురుతుంది. అందుకని సముద్రానికి కలిపిన ప్రతి రంగునీ ముందు ఒక అట్టముక్క మీద పూసి ఆరబెట్టి, దాని వెనక తేదీ వేసి, అప్పుడు వాడారు. అలాంటి అట్టముక్కలు బల్ల మీద ఇరవై దాకా ఉన్నాయి. అయ్య వాటినన్నిటినీ పేకముక్కల్లా పరుచుకుని, ఇది లోతు నీరు, ఇది కాదు, ఇది వాన ముందు నీరు, అని విడదీశాడు. మాస్టారు ఆయన పక్కకి తీసేసినవి ఒక్కటి కూడా వాడలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు కెరటాల దగ్గర ఆగాడు అయ్య. మాస్టారు ఒడ్డుకి దగ్గర్లో తెల్లగా నురగ చుట్టుకుని విరుచుకుపడుతున్న కెరటం వేశారు, చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. అయ్య వేలు పెట్టి, “కెరటానికి మొకం గట్టు వేపుంటాది బాబూ. మనకి కనపడీది దాని ఈపు,” అన్నాడు. నిజమే కదా. సముద్రంలోంచి చూసేవాడికి కెరటం వీపే కనిపిస్తుంది. నున్నగా, గేదె వీపులా లేచి కిందకి దిగిపోతుంది. నురగ అవతలి పక్కన ఉంటుంది, పైకి ఎగిరిన తుంపర మాత్రం కనిపిస్తుంది. మాస్టారు ఒక నిమిషం మాట్లాడలేదు. లేచి, బోటులో గీసిన కాగితాలు వెతికి తీశారు. అందులో కెరటం వీపే ఉంది! చూసిందే గీసుకున్నారు, గదిలోకి వచ్చాక అలవాటు కొద్దీ ముఖం వేసేశారు. మా ముందే ఆ భాగమంతా నీలంతో కప్పేశారు. వారం రోజుల పని అది.

తాడిచెట్ల దగ్గర నాకూ అయ్యకీ చిన్న వాదన వచ్చింది. ఆయన చెప్పిన ఆనవాళ్ళలో రెండు తాడిచెట్లు ఇప్పుడు లేవు. లేనివి వేయిస్తే అబద్ధం అవుతుంది అన్నాను నేను. అవి లేకపోతే ఊరు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అని ఆయన. మాస్టారు వేశారు. నా మాట నెగ్గలేదు, ఇప్పుడు చూస్తే ఆయనే కరెక్టు అనిపిస్తుంది. పటం ఆయన కోసం వేయించాం, ఆయన దారి ఆయనకి తెలియాలి.

పూర్తయిన బొమ్మ ఎలా ఉందో చెప్తాను. అడుగున ముదురు నీలం నీళ్ళు, పైకి పోయే కొద్దీ ఆకుపచ్చ, తర్వాత ఇసుక కలిసిన రంగు, మూడు కెరటాల వీపులు, వాటి మీద ఎండ తగిలిన తుంపర. ఆ పైన ఊరు. లాగి పెట్టిన బోట్లు వరసగా, ఎరుపు, నీలం, పసుపు. ఒక పక్క పాత తెప్ప, కట్లు విప్పి దుంగలు విడివిడిగా ఆరబెట్టి ఉంది. వేట నుంచి రాగానే అలా ఆరబెట్టకపోతే నీరు పీల్చి బరువెక్కిపోతాయి. ఇప్పుడు మావాళ్ళలో ఎక్కువమందికి ఫైబర్ తెప్పలే కాబట్టి ఈ దృశ్యం మీకు తేలిగ్గా దొరకదు. ఇసుక మీద తట్టలతో ఆడవాళ్ళు, ముఖాలు వెయ్యలేదు, చీరల రంగులే. కుడి పక్క వంశధార కలిసే చోటు, ఇసుక మేటలు. ఒడిశాలో పుట్టి ఇంత దూరం వచ్చిన నది అక్కడ ఒక పల్చటి గీత. లైట్ హౌసు, సరుగుళ్ళు, ఆ రెండు తాడిచెట్లు, వెనక పడమటిగా మసకగా సాలిహుండం కొండ.

అన్నిటికంటే ముందు, మనకి అతి దగ్గరగా, బోటు ముక్కు. దానికి పసుపు, కుంకుమ. దాని మీద అడ్డంగా ఒక తెడ్డు.

ఆ తెడ్డు మా అయ్యదే. ఊరొదిలి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఒకే ఒక్క సామాను, మా బాల్కనీ మూల ఉంటుంది. మాస్టారు దాన్ని మూడు రోజులకని అడిగి తీసుకున్నారు. బొమ్మలో అది నా జానెడు కంటే కొంచెం పెద్దది, అంతే. కానీ దగ్గరికి వెళ్ళి చూడండి. చెయ్యి పట్టుకునే చోట కర్ర నున్నగా అరిగి నలుపెక్కింది. ఆ పైన బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. కింద పగులు వచ్చిన దగ్గర నైలాన్ దారం చుట్టారు, తొమ్మిది చుట్లు. బొమ్మలో లెక్కపెట్టాను, తొమ్మిదే ఉన్నాయి. ఇంటికి వచ్చి అసలు తెడ్డు మీద లెక్కపెట్టాను.

ఇక ఇబ్బందులు కూడా చెప్పాలి. ఉగాదికి ఇస్తానన్నారు, దాటిపోయి మూడు వారాలైంది. పదో తరగతి పరీక్షల డ్యూటీ పడిందట. అది అర్థం చేసుకోగలను గానీ, ఆ మధ్యలో ఎనిమిది రోజులు ఫోన్ ఎత్తలేదు. 5,000 అడ్వాన్సు ఇచ్చిన మనిషికి టెన్షన్ ఉంటుంది కదా, ఒక మెసేజ్ పెట్టుంటే సరిపోయేది. రెండు, 18,000లో ఫ్రేము లేదని ముందు చెప్పలేదు. ఆయన పంపిన ఫ్రేము షాపులో అద్దం వెయ్యాల్సిందేనని పట్టుబట్టారు. కాన్వాసు మీద వేసిన యాక్రిలిక్‌కి అద్దం అక్కర్లేదని, పైన వార్నిష్ పూత చాలని మాస్టారే ఫోన్లో చెప్పాక ఊరుకున్నారు. మూడు, మొదట పూసిన వార్నిష్ మెరుపుది. మా హాల్లో ట్యూబ్‌లైటు వేస్తే సగం బొమ్మ తెల్లగా మెరిసిపోయేది. చెప్పగానే డబ్బు అడక్కుండా మెరుపు లేని పూత మళ్ళీ వేసిచ్చారు, కానీ దాని కోసం బొమ్మని విజయనగరం నుంచి బస్సులో మళ్ళీ మోసుకెళ్ళాల్సి వచ్చింది. పాత చీరల్లో చుట్టి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని. మీరు చేయిస్తే వార్నిష్ సంగతి, ఫ్రేము సంగతి మొదటి రోజే అడగండి. ఎండ నేరుగా పడే గోడకి పెట్టొద్దన్నారు. తుడవాలంటే పొడి మెత్తటి గుడ్డే.

ఫోటో చాలదా అన్నవాళ్ళకి నా జవాబు. మా తమ్ముడు అదే బోటులోంచి ఫోన్తో ఫోటోలు తీశాడు, నా దగ్గర ఉన్నాయి. ఊరు సన్నటి గీతలా ఉంటుంది. లైట్ హౌసు అగ్గిపుల్లంత. మనిషి కన్ను తనకి కావాల్సిన దాన్ని దగ్గరికి లాక్కుంటుంది, ఫోన్ లాక్కోదు. మాస్టారు లాక్కున్నారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో ఇంజను బోట్లకి వేట నిషేధం కదా. చిన్నాన్నకి తీరిక దొరికి బొమ్మ చూడ్డానికి వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూసి, “అన్నా, ఇంకో రెండు కెరటాలు దాటితే గట్టు,” అన్నాడు. అయ్య, “మూడు,” అన్నాడు. అన్నం చల్లారిపోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి ఏ బోటు ఎవరిదో చెప్పుకున్నారు. పసుపు బోటు ఎవరిదన్న దాని మీద మాట తేలలేదు. అయ్య కుర్చీ ఇప్పుడు బాల్కనీ వైపు తిరగడం లేదు.

తమ్ముడు గుజరాత్‌లో, వెరావల్‌లో బోటు మీద పని చేస్తాడు. పండక్కి వచ్చి ఫిబ్రవరి దాకా ఉండి వెళ్ళిపోయాడు, పూర్తయిన బొమ్మ వీడియో కాల్లోనే చూశాడు. తనకీ ఒకటి కావాలన్నాడు, అక్కడ పదిమంది ఉండే గదిలో పెట్టుకోవడానికి. ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఊరూ కెరటాలూ చాలు, తెడ్డు అక్కర్లేదు. మాస్టారు 7,000 చెప్పారు, ఫ్రేముతో కలిపి. పడమటి తీరంలో జూన్, జులై నెలల్లో వేట ఆపుతారు కాబట్టి తమ్ముడు ఆ రెండు నెలలూ ఇంట్లో ఉంటాడు. జులై 20 లోపు ఇవ్వాలని ఈసారి రసీదు మీద తేదీ రాయించుకున్నాను.